తలకిందుల చిలుకలు

మా ఇంటి మొగోళ్ళకు కూచునుడు రాదు. నడుస్తం, నిలబడ్తం, వంగుతం, కానీ చేతిల ఉలి లేకుండ ఒక్కచోట కూచునే విద్య మా వంశంల ఎవ్వరికీ అబ్బలేదు. మా బాపు సంగతి మరీ అన్యాలం. చెక్క దొరకని రోజు ఇంట్ల ఏది దొరికితే దాన్నే చెక్కేటోడు. రోకలికి గొలుసు చెక్కిండు. మంచంకోళ్ళకు ఏనుగు తలకాయలు చెక్కిండు. చల్లకవ్వానికి తామరపువ్వులు చెక్కితే వెన్నంత రేకుల సందుల ఇరికి, మా అమ్మ చీపురుపుల్లతోని గీక్కుంట కూచున్నది. ఆమె గాఢంగ నిద్రపోతె మోచెయ్యి మీద రెండు హంసలను గూడ చెక్కేటోడే. ఆమెది కోడినిద్ర కాబట్టి బతికిపోయింది.

గిందుల ఎంత నిజమని అడగకుండ్రి. కవ్వం మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

మాది జనగామ పక్కన ఒక ఊరు. వడ్లోళ్ళం. నాగండ్లు, బండిచక్రాలు చేసేటోళ్ళు మా పాలోళ్ళల్ల వేరే ఉండిరి. మా బాపుది నగిషీ పని. దర్వాజలు, దేవుని అరలు, ఉయ్యాల బల్లలు. నాకు అప్పటికి పెండ్లయింది, మీసం వచ్చింది, బాపు పక్కన నేను సగం మేస్త్రీని. మిగిలిన సగం నా నోటిల ఉండె. చెయ్యి చెక్కినంత సేపు నోరు గూడ ఏదో ఒకటి చెక్కుతనే ఉండేది.

మా పనిల అన్నిటికంటె పెద్ద మాట ఒక్కటే: మొదలు కిందికి, కొస మీదికి. చెట్టు అడివిల ఎట్ల నిలబడ్డదో దర్వాజల గూడ అట్లనే నిలబడాలె. నిలువు కంబానికి వేర్ల దిక్కు ఉన్న మొదలు గడపకు ఆనాలె, కొమ్మల దిక్కు ఉన్న కొస పై అడ్డచెక్కను మొయ్యాలె. తిప్పి పెడితె ఆ ఇల్లు తిరగవడ్తదని మా తాతల మాట. అందుకే చెట్టు కూలంగనే మొదలు దిక్కు ఎర్రజాజుతోని బొట్టు పెడ్తరు. కానీ కోసి, చిత్రిక పట్టి నున్నగ చేసినంక బొట్టు పోతది. అప్పుడు ఏది మొదలో ఏది కొసో కంటితోని చూసి చెప్పుడు కష్టం. అనుమానమొస్తె ఒక్కటే ఉపాయం, కంబాన్ని నీళ్ళల్ల వెయ్యాలె. మొదలు బరువు కాబట్టి గది మునుగుతది, కొస తేలుతది. మా బాపు చేతిల ఒక్క కంబం గూడ నీళ్ళ దాక పోలేదు. చెక్క మీద అరచెయ్యి ఆనించి, "ఇగో, ఇది తల, ఇది కాలు" అనేటోడు. చంటిపిల్లను ఎత్తుకున్నంత సులువుగ.

దొరల మీదికి ఊర్లను లేపిన సంగపోళ్ళు మా దిక్కు రావడానికి ముందటేడు, మా ఊరి దొర తను ఉండే గడికి కొత్త దర్వాజ పెట్టాలన్నడు. టేకు భూపాలపల్లి అడివి నుంచి బండ్ల మీద వచ్చింది. పని వెట్టి. కూలి అన్న మాట గడిల ఎవని నోటికీ రాకపోయేది. తిండి గూడ దొరసానికి యాదికొస్తెనే.

ముందు పై అడ్డచెక్క పట్టుకున్నం. దాని నడుమ లచ్చిమి, అటోటి ఇటోటి ఏనుగులు. లచ్చిమి మొఖం తేలిన నాడు దొర వచ్చి కుర్సీ ఏపిచ్చుకొని మా ముందట కూచున్నడు. చుట్ట ముట్టిచ్చిండు, కాళ్ళు చాపిండు. చాపిన కాళ్ళు ఎక్కడ ఆనినయంటే, నేల మీద పండవెట్టిన లచ్చిమి రొమ్ము మీద. చెప్పులతోనే.

"బాగనే చెక్కినవ్ రా," అన్నడు.

"మీ దయ దొరా," అన్నడు బాపు.

నేను గూడ చూసిన. కానీ ఆ పూట మాకు జొన్నగటక పెడ్తరా పెట్టరా అన్న సోచాయింపుల ఉండి నాకు కాళ్ళ సంగతి పట్టలేదు. తెల్లారి కంబాలు మొదలువెట్టినం. అడుగున నిండు కుండ, కుండలకెంచి లేచిన తీగె, తీగె మీద మొగ్గలు, చిట్టచివర జంట చిలుకలు. ఎడమ కంబం నేను చెక్కిన, కుడి కంబం బాపు చెక్కిండు. నా చిలుకలు కోడిపెట్టల తీరుగ వచ్చినయి. ఆయనవి మాత్రం, జామపండు చూపెడితె కొరుకుతయేమో అన్నట్టుండె.

ఏడాది తిరగలేదు. సంగం మా ఊర్లకు వచ్చింది. ఒకనాడు పొద్దుగాల్నే ఊరంత గుత్పకట్టెలు పట్టుకొని గడి ముందటికి పోయిండ్రు. దొర వెనుక గోడ నుంచి దిగి కచ్చురం బండిల కూచొని జనగామ టేషన్ల రైలెక్కిండు. పట్నంల దిగిన దాక వెనుకకు తిరిగి చూడలేదట. వడ్ల పాతర్లు తవ్వి ఇంటింటికి కొలిచిండ్రు. ఆ సంబురం అంతా ఇంతా కాదు. మనుషులు కొలిచిన గింజలను చేతులల్ల పోసుకొని మల్ల మల్ల వాసన చూసుకున్నరు.

ఆ తెల్లారి గడి అరుగుల మీద, దొర ఉండంగ మేం చెప్పులేసుకొని నడవని అరుగుల మీద, మొగోళ్ళందరు బార్లగ కూచొని ఎవని వీరత్వం వాడు చెప్పుకుంటున్నరు. ఒకాయన కచ్చురం చక్రం సీల పీకిండట. ఒకామె పెనిమిటి తన భార్య కారప్పొడి చల్లిన సంగతి తాను చల్లినట్టె చెప్తున్నడు. మాకు దర్వాజ చెయ్యమని చెక్క ఇచ్చిన కాపాయన ఒకడున్నడు. మంచోడే కానీ నాలుకకు పదునెక్కువ. అందరి ముందట నా దిక్కు తిరిగి, "వడ్లాయనా, నువ్వేం చేసినవ్ రా? మొన్న గుంపుల యాడా కనవడకపోతివి," అన్నడు.

నేను ఆనాడు మా అటుక మీద రంపాలకు నూనె రాస్తున్న. అన్ని రంపాలకు, అంత తీరుబడిగ, జన్మల ఎన్నడు రాయలేదు. గా మాట చెప్తె ఏం బాగుంటది? బాపు అక్కడ లేడు. నిలబడ్డ చోటనే నా చెయ్యి దర్వాజ కుడి కంబం మీద ఉన్నది.

"నేనేం చేసిన్నా?" అన్న. "అన్నా, మీరు గుత్పలు పడితె దొర ఉరికిండనుకుంటున్నరా? గీ కంబం చూడుండ్రి. గిది తలకిందులున్నది. మొదలు మీదికి, కొస కిందికి. తెలిసే పెట్టినం. నేను, మా బాపు. ఏడాది తిరగకముందే ఇల్లు తిరగవడ్డదా, లేదా?"

గప్పుడు చూడాలె. అందరి నోర్లు తెరుచుకొని అట్లనే ఉన్నయి. తర్వాత నన్ను భుజాల మీదికెత్తుకున్నరు. సంగం పెద్ద నా వీపు తట్టిండు. చిలుకల ముక్కులు నా చెవి పక్కనే ఉన్నయి. అవి గూడ నవ్వుతున్నయనుకున్న.

రెండో పొద్దు కాపాయన బండి కట్టుకొని మా వాకిట్లకు వచ్చి తన చెక్కను బండిలకు ఎత్తుకుంటున్నడు.

"అన్నా, గదేంది? ముహూర్తం పెట్టిచ్చుకుంటివి గద!"

"పెట్టిచ్చుకున్న తమ్మీ. జర ఆగుదామనుకుంటున్న."

"ఎందుకు?"

"ఎందుకంటె, మీ బాపుకు నా మీద ఏం కోపమున్నదో నాకేం ఎరుక? పోయిన కార్తె మీ బర్రె నా చేన్ల పడితె నోటికొచ్చినట్టు తిట్టిన."

"గా బర్రె సంగతి మేమెప్పుడో మరిచిపోయినం!"

"దొర గూడ గట్లనే అనుకొని ఉంటడు," అని బండి తోలుకొని పోయిండు.

గంతటితోని ఆగలేదు. బాపు పెట్టిన దర్వాజలు మా ఊర్ల, పక్కూర్ల ఇంటింటికి ఉండె. అందరు ఎవరి కంబాలను వాళ్ళు అనుమానంగ చూసుకునుడు మొదలువెట్టిండ్రు. ఒకరింట్ల కోడలు కాలు జారి పడ్డది, దర్వాజ మీదికొచ్చింది. ఒకరి ఎద్దు సచ్చింది, దర్వాజ మీదికొచ్చింది. ఒకాయన అత్త వచ్చి నెల దాటినా పోతలేదు, గది గూడ మా దర్వాజ పాపమేనట. కొత్త పని ఒక్కటి రాలేదు. ఇచ్చిన పని వాపసు పోయింది.

బాపు వాకిట్ల అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తున్నడు. మా వాకిలి చిన్నది కాబట్టి మల్ల మల్ల తిరగవలసి వస్తున్నది.

"ఎవడు పుట్టిచ్చిండురా గీ మాట?" అన్నడు.

"లోకం బాపూ. లోకం నోరు మనం మూస్తమా?"

లోపలి నుంచి మా అమ్మ అన్నది, "ఆ లోకం మన ఇంట్లనే తింటున్నది, మన ఇంట్లనే పంటున్నది. ఇయ్యాల దానికి చారు గూడ పొయ్య."

బాపు నా దిక్కు చూసిండు. తిట్టలేదు, కొట్టలేదు. మల్ల నడుసుడు మొదలువెట్టిండు. ఆయన తిట్టకపోవుడే నాకు విచిత్రం అనిపిచ్చింది. కొడుకు పేరు చెడగొట్టిండు అని ఇంకో తండ్రి అయితె బాడిశ మొన చూపెడ్తుండె.

ఇగ పని కోసం మేం పోని ఊరు లేదు. ఉలిపెట్టె నెత్తిమీద పెట్టుకొని తొర్రూరు పోయినం. అంగట్ల ఒక షావుకారు కొత్త ఇల్లు కడుతున్నడని ఎరుకైంది. ఆయన బాపు చేతులు చూసి మురిసిండు, నీళ్ళిచ్చిండు, ఊరి పేరు అడిగిండు. ఊరి పేరు వినంగనే నీళ్ళచెంబు వాపసు తీసుకున్నడు.

"ఆ వడ్లాయన మీ ఊరోడే గద? గడప కింద బతికున్న నాగుంబామును పెట్టి దర్వాజ నిలవెట్టిండట?"

"పాము లేదు, గీము లేదు," అన్న నేను.

"నీకేం ఎరుక తమ్మీ? చూసినోళ్ళు చెప్పిండ్రు."

అక్కడినుంచి మానుకోట. నడిచి నడిచి చెప్పుల వార్లు తెగినయి. మానుకోటల ఒక పటేలు ఇంటి ముందట నిలబడంగనే ఆయన తల్లి లోపలి నుంచి కేక పెట్టింది, "వాళ్ళేనారా? ఆ గడిల లచ్చిమి చెక్కలకెంచి దిగి సంగంల చేరిందట గద, గా లచ్చిమిని చెక్కినోళ్ళేనా?"

నిజం చెప్పాలంటె నాకు ఈర్ష్య పుట్టింది. లచ్చిమి సంగంల చేరుడు! గిది నాకు తట్టలేదు సూడు. నా కథ నాకంటె ముందు నడిచి, దారిల కొమ్ములు మొలిపిచ్చుకొని, ఊరూరి పొలిమేర కాడ మాకు ఎదురొచ్చి పొడుస్తున్నది.

తిరిగొచ్చేటప్పుడు బాపు నిమ్మళంగ నడవలేదు, ఆగి కూచోలేదు. చేతిల ఊతకట్టెను బొటనవేలి గోటితోని గీరుకుంట నడిచిండు. మేం ఊరు చేరేసరికి ఆ కట్టె పుల్లంత అయ్యింది. కట్టె గాదు, మనసు గీరుకుంటున్నడని నాకు తెలుస్తనే ఉన్నది. మా ఇంటి గింజలు అడుగంటినయి. ఇట్లనే ఇంకో పంటకారు నడిస్తె నగిషీ ఉలులు అమ్ముకొని కూలికి పోవాల్సిందే. బాపుకు కూలి చేసుడు కష్టం కాదు. ఉలి లేని చేతులను ఎక్కడ పెట్టుకోవాల్నో ఎరుకలేకపోవుడే కష్టం.

నేను పెట్టిన మంటను నేనే ఆర్పాలె అనుకున్న. ఉపాయం మా పనిలనే ఉన్నది. గడి దర్వాజ కుడి కంబం ఇప్పి అందరి ముందట నీళ్ళల్ల వేస్తె సరి. కుండ దిక్కు మునిగి, చిలుకలు తేలుతయి. నేను అబద్ధాలకోరునని తేలుతది, బాపు చెయ్యి శుద్ధమైందని తేలుతది. నాకు అబద్ధాలకోరన్న పేరు కొత్తది గాదు కాబట్టి నష్టం ఏం లేదు. పోయి సంగం పెద్దకు చెప్పిన. ఆయన కడుపుబ్బ నవ్వి, "రేపు పొద్దు ఎక్కంగనే ఏద్దాం," అన్నడు.

ఇంటికొచ్చి చెప్తె బాపు నడుస్తున్నోడు ఆగిపోయిండు.

"ఒద్దు," అన్నడు.

"ఎందుకొద్దు బాపూ? నీ పేరు కడుక్కోవా?"

"నిలబడ్డ దర్వాజను ఇప్పొద్దు. పాపం."

"దొర లేడు, దొరసాని లేదు, ఎవరికి పాపం?"

"ఒద్దంటె ఒద్దు రా!"

మా అమ్మ బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నది. "ఇంట్ల గటకకు జొన్నలు లేవు. నీ చెయ్యి మీద నీకు నమ్మకం ఉన్నదా లేదా? ఉంటె నీళ్ళంటె భయమేంది?"

బాపు మల్ల వాకిట్ల తిరుగుడు మొదలువెట్టిండు. నేను అది మొండితనం అనుకున్న.

తెల్లారి ఊరంత గడి ముందట జమైంది. తాటిమొద్దు తెచ్చి పై చెక్కకు పోటు పెట్టిండ్రు. ఒకడు గడ్డపార తెచ్చి కంబం సందుల పెట్టబోయిండు. గది చూసి బాపు ఉరికొచ్చిండు. "గడ్డపార పెట్టకుండ్రి. చిలుకల ముక్కులు ఇరుగుతయి. నేనే ఇప్పుత," అని, తాను కొట్టిన కట్టెసీలలను తానే ఒక్కొక్కటి వెనుకకు కొట్టి, కంబాన్ని ఒళ్ళెకు తీసుకున్నట్టు తీసుకున్నడు.

దొర తోట మోటబాయి మా ఊర్ల అన్నిటికంటె పెద్దది. మోట తాళ్ళతోని కంబాన్ని రెండు దిక్కుల కట్టి మెల్లగ దింపినం. జనమంత ఒడ్డు చుట్టు వంగి చూస్తున్నరు. నేను అందరికంటె ముందట నిలబడి, "చూడుండ్రి, కుండ మునుగుతది, చిలుకలు తేలుతయి," అని అరుస్తున్న.

తాళ్ళు వదులైనయి. కంబం నీళ్ళ మీద ఒకసారి ఊగింది, రెండు దిక్కుల సమంగ ఉన్నట్టే ఉన్నది. అటెంక చిలుకలు మెల్లగ నీళ్ళల్లకు వంగినయి. ముక్కులు మునిగినయి, కండ్లు మునిగినయి, తలలు మునిగినయి. కుండ మీదికి లేచింది.

నేను "ఇంకోసారి వేద్దాం, తాడు పట్టుకున్నది," అన్న. ఇంకోసారి వేసినం. చిలుకలు మల్ల మునిగినయి. బుద్ధిగ, నీళ్ళు తాగనీకి వంగినట్టు.

నేను జన్మల చెప్పిన అన్ని అబద్ధాలల్ల నిజమైంది గదొక్కటే.

బాపు అప్పుడు ఒడ్డు మీద బండకానుకొని అన్నడు, "నేనే పెట్టిన. తెలిసే పెట్టిన. వీనికి ఎరుకలేదు."

"ఎందుకే?" అన్నది మా అమ్మ. ఆమె గొంతు అంత చిన్నగ నేనెన్నడు వినలేదు.

"లచ్చిమి మొఖం తేలిన నాడు దొర చెప్పుల కాళ్ళు తీసి ఆమె రొమ్ము మీద పెట్టిండు. కాలు తియ్యి దొరా అని నోటిదాంక వచ్చింది. రాలేదు. గా కాలు నా కండ్లల్లకెంచి పోలేదు. తెల్లారి కంబం మీద చెయ్యి పెడితె ఏది మొదలో తెలిసింది. చిలుకలను మొదలు మీద గీసుకున్న. గంతే. గా నాటి నుంచి నాకు కూచుంటె కూచున్నట్టు లేదు, నిలబడితె నిలబడ్డట్టు లేదు."

కాపాయన ముందటికొచ్చిండు. ఆయనకు మా మీద జాలి ఉన్నది, తన ఇంటి మీద భయం ఉన్నది. "గంతా బాగనే ఉన్నది పెద్దయ్యా. రేపు నా మీద గూడ గట్లనే కోపమొస్తె నేనేం గావాలె?"

"నువ్వు లచ్చిమి మీద కాలు పెడ్తవా?"

"ఛ, ఛ! నేనెందుకు పెడ్త?"

"మరి నీ కంబాన్ని నేనెందుకు తిప్పుత? ఇన్నేండ్లు పెట్టిన దర్వాజలు ఉన్నయి. ఎవరియి వాళ్ళు ఇప్పి గిదే బాయిల వేసి చూసుకోండ్రి. ఒక్కటి తప్పు తేలినా నా ఉలిపెట్టె గిండ్లనే వేస్త."

ఇప్పి చూడనీకి ఎవ్వరికి ధైర్యం లేదు, ఇప్పకుండ నమ్మనీకి మనసొప్పలేదు. ఒకని మొఖం ఒకడు చూసుకుంటున్నరు. ఆ కాసేపట్ల మా బతుకు గూడ కంబం లెక్కనే నీళ్ళ మీద ఊగింది.

గప్పుడు నీళ్ళవ్వ గుంపును తోసుకొని వచ్చింది. గడి కొట్టంల గొడ్లకు నీళ్ళు మోసుడే ఆమె వెట్టి. ఆమె తల్లి మోసింది, ఆమె మోసింది. గా దర్వాజల నుంచి ఒక్కనాడు లోపలికి పోలేదు, దొడ్డి దారే. ఆమె గుడిసెకు దర్వాజ అనేదే లేదు, తాటాకు తడక ఉండె.

"గా చెక్క నాకియ్యుండ్రి," అన్నది.

"ఏం చేస్తవవ్వా?" అన్నడు సంగం పెద్ద.

"నెత్తిన పెట్టుకుంట! దర్వాజ పెట్టిచ్చుకుంట. ఓ వడ్లాయనా, నాకు పెడ్తవా? నీకు నా మీదేమన్న కోపమున్నదా?"

"లేదవ్వా," అన్నడు బాపు. "కానీ నీకు మొదలు కిందికే పెట్టాలె. మొదలు కిందికి పెడితె చిలుకలు తలకిందులైతయి."

"చిలుకలు ఎట్లుంటె నాకేంది? నేను నిలవడితె సాలు."

జనమంత ఒక్కసారి నవ్విండ్రు. నవ్వు ఆగినంక సంగం పెద్ద, ఇగ గా కంబం అవ్వదేనని రాసిచ్చినట్టే అన్నడు.

గడికి చేసిన కంబం గుడిసెకు పొడుగైంది. కోద్దామంటె బాపు ఒప్పుకోలేదు. అందరం కలిసి గుడిసెనే మీదికి లేపినం. కొత్త వాసాలు, కొత్త తాటాకు. ఆ వాడల అన్ని గుడిసెలు కూచున్నట్టుంటె నీళ్ళవ్వ గుడిసె ఒక్కటి మునివేళ్ళ మీద నిలబడి ఊరంత చూస్తున్నట్టుండె. ఒక దిక్కు టేకు కంబం, కుండ బోర్లపడి, చిలుకలు శీర్షాసనమేసి. ఇంకో దిక్కు ఏ నగిషీ లేని వేప కంబం. గడప కింద తొమ్మిది తీర్ల గింజలు పోసి పసుపు రాసింది అవ్వనే. ఆ పని మా అమ్మ చేస్తనంటె, "నా గడప నేనే రాసుకుంట," అన్నది.

వానలు పోయినంక కాపాయన చెక్కను బండిల వేసుకొని మల్ల వచ్చిండు. ఇంటి ముందట దించలేదు. సక్కగ మోటబాయి కాడికి తోలిచ్చి, "ముందు గిండ్ల వేసి చూపెట్టు పెద్దయ్యా, తర్వాత చెక్కు," అన్నడు. బాపు ఏమనుకుంటడో అని నేను భయపడ్డ. బాపు తానే తాడు కట్టిండు. గప్పటి నుంచి మా దిక్కు దర్వాజ కంబాలను చెక్కే ముందు నలుగురిల నీళ్ళల్ల వేసి చూపెట్టుడు ఆనవాయితీ అయ్యింది. తర్వాత తర్వాత డోలు గూడ పెట్టిండ్రు. డోలు సంగతి నేను కలిపిందే అని మా ఆమె అంటది.

యూనియన్ మిలిట్రీ వచ్చినంక దొరలు మల్ల ఊర్లల్లకు వచ్చుడు మొదలైంది. సంగపోళ్ళు అడివి పట్టిండ్రు. బాపు టేకు కోసం గంగారం దిక్కు పోయి ఉండె. ఆ నాడు నేను నీళ్ళవ్వ గుడిసె మీదికెక్కి తాటాకు సదురుతున్న. దొర గుమాస్త ఇద్దరు జవాన్లను వెంటవెట్టుకొని వచ్చిండు. నేను మీదనే తాటాకులల్ల తాటాకునై పండుకున్న. ఒక్క చెవి మాత్రం బయటపెట్టిన.

"ముసల్దానా, దొర చెక్క నీ గుడిసెకెట్ల వచ్చింది?"

"నడిచి వచ్చింది. గడిల ఉండబుద్ధి కాలేదట."

"ఎటకారాలొద్దు. దొర తెమ్మన్నడు."

"పీక్కపో బిడ్డా. కానీ పీక్కపోయి ఎట్ల నిలవెడ్తవు?"

"ఎట్లంటె? దాని జాగల అది నిలవెడ్త."

"చిలుకలను మీదికి పెడితె మొదలు మీదికైతది. దొర మల్ల ఉరుకుడే. మొదలు కిందికి పెడితె చిలుకలు కిందికైతయి. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు దొర దర్వాజ చూసి పండ్లికిలిస్తరు. మీ దొరకు ఉరుకుడు కావాల్నా, నవ్వులపాలు కావాల్నా? పోయి అడిగి రా. గప్పటిదాంక నేను యాడికి పోను, నా గడప మీదనే ఉంట."

గుమాస్త కంబం దిక్కు చూసిండు, అవ్వ దిక్కు చూసిండు. తెలుగు రాని ఒక జవాను తల వంకర పెట్టి చిలుకలను చూసి, ఇంకా వంకర పెట్టి, ఆఖరుకు వంగి కాళ్ళ సందుల నుంచి చూసిండు. గుమాస్త అడిగొస్తనని పోయిండు. మల్ల రాలేదు. గడి దర్వాజ కుడి దిక్కు తాటిమొద్దు పోటు అట్లనే ఉండిపోయింది. దొర పొద్దున వచ్చి పెత్తనం చేసేటోడు, పొద్దుగూకక ముందే జనగామ పోయేటోడు. గా దర్వాజ లోపల మల్ల ఒక్క రాత్రి పండలేదు.

గంగారం నుంచి బాపు వచ్చినంక గీ కథంత చెప్పిన. ఆయన సగంల ఆపి, "గిందుల ఎంత నిజం?" అన్నడు.

"ఈసారి అంతా నిజమే బాపూ. కావాలంటె అవ్వను అడుగు."

అడగనీకే పోయిండో, ఎందుకు పోయిండో, చిన్న ఉలి ఒకటి చెవి మీద పెట్టుకొని పోయిండు. నేను వెనుకవడ్డ. అవ్వ వాకిట్ల నిలబడి కంబాన్ని మీది నుంచి కింది దాక చూసిండు.

"అవ్వా, ఒక్క చిలుక చెక్కుత. నిలవడ్డ చిలుక. చిన్నది."

"చెక్కు. నా దర్వాజకు కాళ్ళు గానీ తగలనియ్యకు."

బోర్లపడ్డ కుండ పక్కన చేతి వెడల్పు జాగ ఖాళీగ ఉండె. అండ్ల బాపు ఒక చిలుకను చెక్కిండు. తల మీదికి, కాళ్ళు కిందికి. కన్ను పెట్టినంక బొటనవేలితోని పొట్టు తుడిచి, ఊది, ఉలిని పక్కకు పెట్టిండు.

అటెంక గా గడప పక్కన అరుగు మీద కూచున్నడు. అవ్వ ముంతల నీళ్ళిచ్చింది. మా కులపోళ్ళు ఆ వాడల నీళ్ళు తాగని రోజులు అవి. బాపు ముంతెత్తి గటగట తాగి, మల్ల పొయ్యమని చాపిండు. నేను నిలబడి ఎదురుచూసిన, ఇప్పుడు లేస్తడు, ఇప్పుడు లేస్తడని. ఆయన కాళ్ళు చాపుకొని, వట్టి చేతులు తొడల మీద పెట్టుకొని, వచ్చిపోయే మేకలను చూసుకుంట కూచున్నడు. నాకే కాళ్ళు గుంజి, ఇంటికి పోయిన.